రెండు సినిమాలు, ఒక వ్యాసం, లంబసింగి రోడ్డు

ఈ మధ్య చూసినవీ చదివినవీ నాలుగున్నాయి. 1974లో వచ్చిన కృష్ణ గారి 'అల్లూరి సీతారామరాజు' (ఎన్నోసారో లెక్క పెట్టలేదు). 2022 నాటి 'ఆర్ఆర్ఆర్' (మూడోసారి). 2019లో వచ్చిన 'చెర్నోబిల్' అనే ఐదు ఎపిసోడ్ల సీరీస్. వీటన్నిటి మధ్యలో డేవిడ్ ఆర్నాల్డ్ అనే చరిత్రకారుడు 1982లో ఇంగ్లీషులో రాసిన ఓ పొడుగాటి వ్యాసం. నాలుగూ నాకు నచ్చాయి. కానీ నాలుగోది చదివాక మొదటి రెండూ వేరే రకంగా కనిపించడం మొదలెట్టాయి. ఆ గోలే ఇదంతా.

ముందే ఒక మాట. నేను చరిత్రకారుణ్ణి కాను. ఇంజనీరింగు చదివి, పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా వేరేవాళ్ళు రాసిన కోడులో బొక్కలు వెతుక్కునేవాణ్ణి. అయితే ఆ ఉద్యోగం ఒక అలవాటు చేసింది. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే, దాన్ని లేపినవాడికి మర్నాడు మీటింగులో చప్పట్లు కొడతారు. చప్పట్లయ్యాక ఎవడో ఒకడు 'ఇంతకీ అది ఎందుకు పడింది?' అని అడుగుతాడు. ఆ ప్రశ్న అడిగేవాడంటే ఎవరికీ గిట్టదు. ఈసారికి ఆ గిట్టనివాడు నేనే అనుకోండి.

ఇంకో మాట. మాది అనకాపల్లి. బెల్లం ఊరు. 2022 ఏప్రిల్ 4న మా ఊరు జిల్లా కేంద్రం అయింది. సరిగ్గా అదే రోజు పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా కూడా పుట్టింది. తమాషా ఏంటంటే, రాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేట (మేమంతా కె.డి.పేట అంటాం) గొలుగొండ మండలంలో, అంటే మా అనకాపల్లి జిల్లాలో ఉంది. ఆయన మొదట కొట్టిన చింతపల్లి స్టేషనూ, ఆయన్ని చంపిన కొయ్యూరూ పక్క జిల్లాలోకి వెళ్ళాయి. కొండ అటు, మైదానం ఇటు. ఈ గీత గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

కృష్ణ గారి సినిమా

దీని గురించి చెడుగా మాట్లాడితే మా ఇంట్లో అన్నం పెట్టరు. మాట్లాడాలని నాకూ లేదు. కృష్ణ గారికి ఇది నూరో సినిమా. తెలుగులో మొదటి సినిమాస్కోప్ సినిమా. 1974 మే 1న విడుదలైంది. చింతపల్లి అడవుల్లోనే తీశారు. దర్శకుడు వి. రామచంద్రరావు గారు షూటింగు జరుగుతుండగానే చనిపోతే, మిగతాది కృష్ణ గారే పూర్తి చేశారు. శ్రీశ్రీ దీనికి రాసిన పాటకి జాతీయ అవార్డు వచ్చింది. ఆ పాట పాడిన ఘంటసాల గారు సినిమా విడుదలకి మూణ్ణెల్ల ముందే, ఆ ఫిబ్రవరిలో పోయారు. ఇవన్నీ తెలిసి చూస్తే ఆ పాట దగ్గర గొంతు పట్టేయకుండా ఉండటం కష్టం. త్రిపురనేని మహారథి గారి మాటలు ఇప్పటికీ ఉత్తరాంధ్రలో ఏ స్కూలు వార్షికోత్సవంలో చూసినా ఓ ఎనిమిదో క్లాసు కుర్రాడు అరుస్తూనే ఉంటాడు.

నా మటుకు నాకు ఇందులో అన్నిటికంటే నచ్చేది జగ్గయ్య గారి రూథర్‌ఫర్డ్. విలన్ని కూడా మర్యాదస్తుణ్ణి చేశారు. ఎదుటివాణ్ణి గౌరవిస్తూనే చంపడానికి వచ్చిన మనిషి. సినిమాకి అలాంటివాడు కావాలి, కథ రక్తి కట్టాలంటే ఇద్దరు సమఉజ్జీలు ఎదురుబొదురుగా నిలబడాలి.

అసలు రూథర్‌ఫర్డ్ స్పెషల్ కమిషనర్‌గా ఏజెన్సీకి వచ్చింది 1924 ఏప్రిల్లో. రాజుని చంపింది 1924 మే 7న. అంటే మొత్తం కథలో ఆఖరి కొద్ది వారాలు. కాల్పించిన అధికారి గుడాల్ అనే మేజరు. విచారణ లేదు, కోర్టు లేదు. మంప దగ్గర పట్టుకున్నారు, కొయ్యూరులో కాల్చేశారు. అక్కడ పెద్ద సంభాషణ జరిగే వీలు ఉండి ఉండదు. ఇది తప్పు పట్టడం కాదు. సినిమాకి ఒక ముఖం కావాలి, ఆ ముఖం రూథర్‌ఫర్డ్‌కి దొరికింది. ఈ కథలో ఇంకో తెల్లదొర, అంతకంటే ముఖ్యమైనవాడు ఉన్నాడు. అతని ముఖం మనలో ఎవరికీ గుర్తు లేదు. కింద చెప్తాను.

ఆర్ఆర్ఆర్

ఇది కల్పన అని రాజమౌళి మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాడు కాబట్టి 'చరిత్రలో అలా జరగలేదు' అని ఎవరైనా వాదిస్తే నేను ఆ వాదనకి రాను. రాజు 1924లో చనిపోయాడు, కొమురం భీం 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల చేతిలో చనిపోయాడు, ఇద్దరూ కలుసుకున్న దాఖలా లేదు. కలిస్తే ఎలా ఉండేది అన్నది మంచి ఊహ. పులులు ఎగిరే సీనుకి నేను కూడా కుర్చీలోంచి లేచినవాణ్ణే.

ఇందులో రాముడు తెల్లవాళ్ళ పోలీసులో చేరతాడు. ఎందుకూ అంటే తుపాకుల కోసం. ప్రమోషన్ మీద ప్రమోషన్ కొట్టి, ఆయుధాల దగ్గరకి చేరి, ఊరికి పంపించాలని. మన ఐటీ వాళ్ళకి ఈ ప్లాను వెంటనే అర్థమవుతుంది, యాక్సెస్ కోసం అప్రైజల్ సైకిల్ దాకా ఆగడం మనకి అలవాటే కదా. అసలు రాజు అంత ఆగలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. మొత్తం 26 తుపాకులు, రెండున్నర వేల పైచిలుకు తూటాలు. ఏమేం పట్టికెళ్ళాడో స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళాడంటారు. మన భాషలో చెప్పాలంటే లాగ్ రాసి వెళ్ళిన మొదటి చొరబాటుదారు. రాజవొమ్మంగిలో తాళం వేసి ఉన్న వీరయ్యదొరని కూడా విడిపించుకుపోయాడు.

సినిమాలో నన్ను ఇబ్బంది పెట్టింది ఆఖరి సీను. అంతా అయ్యాక ఏం కావాలో కోరుకోమంటే భీం చదువు కావాలంటాడు. భీం జీవితచరిత్రలు ఏది తీసినా, అతను చంద్రపూర్ వెళ్ళి, అచ్చాఫీసు నడిపే మనిషి దగ్గర ఉండి చదవడం రాయడం నేర్చుకున్నాడనే ఉంటుంది. గోండుల కోసం పోరాడినవాణ్ణి, పోరాటం అంతా అయ్యాక, మైదానం నుంచి వచ్చినవాడి ముందు పలక పట్టుకుని నిలబెట్టడం బాగోలేదు. కల్పన అన్నంత మాత్రాన ఎవరి చేతిలో పలక, ఎవరి చేతిలో బాణం అనేది ఊరికే పడదు. రాసేవాడు ఎంచుకుంటేనే పడుతుంది.

ఇంతకీ సర్వర్ ఎందుకు పడింది?

ఆర్నాల్డ్ వ్యాసం రణజిత్ గుహ సంపాదకత్వంలో వచ్చిన సబాల్టర్న్ స్టడీస్ మొదటి సంపుటంలో ఉంది. గూడెం, రంప కొండల్లో 1839 నుంచి 1924 దాకా జరిగిన తిరుగుబాట్ల మీద. ఆ రోజుల్లో వాటిని 'ఫితూరీ' అనేవారు. పేరులోని ఆ రెండు సంవత్సరాలు చూడండి. ఎనభై అయిదేళ్ళు! సీతారామరాజు దాని ఆఖరి రెండేళ్ళు మాత్రమే. మనం చూసిన సినిమా ఓ పెద్ద సీరియల్‌కి చివరి ఎపిసోడు అన్నమాట. ముందు ఎపిసోడ్లు ఎవరూ తీయలేదు.

ముందు ఎపిసోడ్లలో ఏముందో క్లుప్తంగా చెప్తాను. కొండల్లో పన్ను వసూలు చేసే చిన్న చిన్న పెద్దలు ఉండేవారు, ముఠాదార్లు. 1870ల్లో జీలుగు కల్లు మీద 'చిగురుపన్ను' వేశారు. తమ చెట్టు, తమ కల్లు, దాని మీద పన్నేంటని 1879లో రంప ఫితూరీ లేచింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. కొండవాలు మీద పొదలు కొట్టి, కాల్చి, రెండు మూడు పంటలు తీసి ఇంకో చోటికి వెళ్ళే పోడు వ్యవసాయం నేరమైపోయింది. తాతల నాటి నుంచీ చేస్తున్న పనికి ఒక్క ఉదయం జరిమానా. అడవిలో కట్టెకి, పుల్లకి ఫారెస్టు గార్డు. అప్పుకి మైదానం నుంచి వచ్చిన వ్యాపారి.

ఇప్పుడు ఆ ముఖం లేని దొర దగ్గరికి వద్దాం. అతని పేరు బాస్టియన్. గూడెం డిప్యూటీ తాసీల్దారు. గవర్నరు కాదు, జనరల్ కాదు. మన లెక్కలో మండల స్థాయి అధికారి. నర్సీపట్నం నుంచి లంబసింగికి కొండ మీద రోడ్డు వేయించే పని అతని చేతిలో ఉండేది. దానికి కొండవాళ్ళని బలవంతంగా దింపాడు. ఇవ్వాల్సిన కూలి ఇవ్వలేదు. ఎదురు తిరిగితే దెబ్బలు. బట్టిపనుకుల గాము సోదరులు, గంటందొర, మల్లుదొర, ఇతనితోటే తగువు పడి ఉన్నారు. సీతారామరాజు 1917లో కృష్ణదేవిపేట చేరి, కల్లు మానండి, కోర్టులకి పోకుండా పంచాయితీల్లో తేల్చుకోండి అని చెప్తూ సన్యాసిలా బతుకుతున్నాడు. తగువులున్న మనుషులు అప్పటికే ఉన్నారు. వాళ్ళకి నమ్మదగ్గ మనిషి దొరికాడు.

లంబసింగి రోడ్డు. మళ్ళీ చదవండి. డిసెంబరు వచ్చేసరికి మనవాళ్ళు హైదరాబాదు నుంచీ బెంగుళూరు నుంచీ కార్లేసుకుని, 'ఆంధ్రా కాశ్మీర్' అని పొద్దున్నే మంచు ఫొటోలకి వెళ్తారే, ఆ లంబసింగి. నర్సీపట్నం దాటాక ఘాటీ ఎక్కుతూ పాటలు పెట్టుకుంటామే, ఆ దారి. 'మన్యం విప్లవం' అని మనం పెద్దక్షరాల్లో రాసుకునే దానికి నిప్పు రాజుకున్న చోట్లలో ఒకటి ఆ రోడ్డు పని కూలి ఎగ్గొట్టడం. రెండు సినిమాల్లోనూ ఎక్కువ వినిపించేది దేశం, స్వాతంత్ర్యం, తల్లి భారతి. అవి అబద్ధాలు కావు, రాజు మనసులో అవి ఉన్నాయి. కానీ బాస్టియన్ కింద రాళ్ళు మోసినవాడి మనసులో ముందు కూలి డబ్బులు ఉన్నాయి. పోడు ఉంది. నా దృష్టిలో అది తక్కువ కారణమేం కాదు. జీతం రెండు నెలలు ఆలస్యమైతే మనం పెట్టే మెయిళ్ళు ఒకసారి గుర్తు చేసుకోండి.

మైదానం అంటే ఎవరు?

గీత గురించి చెప్పాను కదా. వ్యాసం నన్ను గుచ్చింది ఇక్కడ. కొండవాళ్ళ లెక్కలో శత్రువులు ఇద్దరు. ఒకడు తెల్లదొర. ఇంకొకడు కింద నుంచి వచ్చి అప్పిచ్చి భూమి రాయించుకునేవాడు. ఆ రెండోవాడు మాట్లాడేది తెలుగే. కింద అంటే నర్సీపట్నం, అనకాపల్లి, విశాఖ. మనమే.

ఇది నా మాట కాదు, చట్టాలే చెప్తాయి. 1917లో, అంటే రాజు కె.డి.పేట వచ్చిన ఏడాదే, మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో కొండవాళ్ళ భూమి మైదానం వాళ్ళకి బదిలీ కాకుండా ఒక చట్టం చేసింది. తెల్లవాడు చట్టం చేసి మరీ ఆపాల్సినంతగా మనవాళ్ళు భూములు లాగారన్నమాట. స్వాతంత్ర్యం వచ్చాక 1959లో మళ్ళీ చేయాల్సొచ్చింది. 1970లో దాన్ని ఇంకా బిగించాల్సొచ్చింది, అదే మనం వింటూ ఉండే '1/70'. ఒకే బగ్గుకి మూడుసార్లు ప్యాచ్ వేశారంటే ఆ బగ్గు ఎంత గట్టిదో మీరే ఊహించుకోండి.

తిరుగుబాటు ఎందుకు కొండ దిగలేదు అనే ప్రశ్నకి కూడా సమాధానం కొంత ఇక్కడే ఉంది. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారుల్ని కాల్చి చంపారు. ముందు నడిచిన మన సిపాయిల్ని పోనిచ్చి, వెనకొచ్చే తెల్లవాళ్ళ మీదే గురిపెట్టారని చెప్తారు. మన జోలికి రాకూడదని రాజు అంత జాగ్రత్త పడ్డాడు. కింద ఉన్న మనం ఏం చేశాం? మలబారు పోలీసు వచ్చింది, 1924లో అస్సాం రైఫిల్స్ కూడా వచ్చింది. అన్నీ మైదానం మీదుగానే కొండెక్కాయి. వాటిని ఆపడానికి మైదానం కదల్లేదు. గాంధీ గారు కూడా హింసని ఒప్పుకోలేనంటూనే రాజు ధైర్యాన్ని మెచ్చుకుంటూ రాసింది 1929లో, అంటే రాజు పోయిన ఐదేళ్ళకి. తర్వాత విగ్రహాలు, 1986లో తపాలా బిళ్ళ, 2022 జులై 4న భీమవరంలో ప్రధాని చేతుల మీదుగా ముప్ఫై అడుగుల కంచు విగ్రహం. అన్నీ ఉండాల్సినవే. మైదానంలో పుట్టిన రాజుకి మైదానం బాకీ తీర్చుకుంటోంది. కొండమీది వాళ్ళ బాకీ మాటేంటి?

మల్లుదొర

మా టీములో విశాఖ కుర్రాడు ఒకడున్నాడు. మొన్న లంచ్‌లో అడిగాను, "ఒరే, 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి పార్లమెంటుకి ఎవరు గెలిచారో తెలుసా?"

"ఉండన్నా, గూగుల్ చేస్తా" అన్నాడు.

చేశాడు. ఆ నియోజకవర్గానికి అప్పట్లో ఇద్దరు సభ్యులు. ఒకరు లంకా సుందరం గారు. రెండో పేరు చదివి, "గాము మల్లుదొర... ఎవరన్నా ఈయన?" అన్నాడు.

ఆ మల్లుదొరే. బాస్టియన్‌తో తగువు పడ్డ మల్లుదొర. సీతారామరాజు పక్కన నడిచిన మల్లుదొర. 1923 సెప్టెంబరులో పట్టుబడ్డాడు, అండమాన్ జైలుకి పంపారు. అన్న గంటందొర 1924 జూన్లో, రాజు పోయిన నెలకి, కాల్పుల్లో చనిపోయాడు. మల్లుదొర బతికి తిరిగొచ్చాడు. వచ్చి, దేశంలో మొట్టమొదటి సాధారణ ఎన్నికల్లో నిలబడి, గెలిచి, లోక్‌సభలో కూర్చున్నాడు.

ఒక్కసారి ఆలోచించండి. రోడ్డు పనిలో కూలి ఎగ్గొట్టిన దొర, స్టేషన్ల మీద దాడి, రెండేళ్ళ అడవి యుద్ధం, నాయకుడి చావు, అన్న చావు, సముద్రం అవతల జైలు, ముప్ఫై ఏళ్ళ తర్వాత ఢిల్లీలో పార్లమెంటు మెట్లు. ఏ రచయితైనా ఇలా రాసుకొస్తే నిర్మాత 'మరీ సినిమాటిక్‌గా ఉందయ్యా' అని వెనక్కి పంపేస్తాడు. ఇంత కథ రికార్డుల్లో పెట్టుకుని, అతన్ని మనం ఎప్పుడూ హీరో వెనకాల కొమ్ముబూర పట్టుకుని నిలబడే మనిషిగానే చూస్తున్నాం. కారణం నాకు ఒకటే తోస్తోంది. హీరో చనిపోతే కథ అయిపోతుంది, మనం కళ్ళు తుడుచుకుని బయటికి వచ్చేయొచ్చు. బతికొచ్చి పార్లమెంటులో కూర్చున్నవాడు 'మరి మా పోడు సంగతేంటి?' అని అడుగుతాడు. దానికి మన దగ్గర క్లైమాక్సు లేదు.

చెర్నోబిల్ ఎందుకు తెచ్చానంటే

ఎక్కడి ఉక్రెయిన్, ఎక్కడి గూడెం అనుకోకండి. ఆ సీరీస్‌లో ఉలానా ఖోమ్యుక్ అని ఒక శాస్త్రవేత్త ఉంటుంది. మొత్తం కథని నడిపేది దాదాపు ఆమే. తీరా ఐదో ఎపిసోడు చివర తెర మీద రాస్తారు, ఆమె నిజం మనిషి కాదు, ఆ పనిలో పాల్గొన్న ఎంతోమంది శాస్త్రవేత్తలకి గుర్తుగా కల్పించిన పాత్ర అని. ఆ పక్కనే నిజం మనుషులు ఏమయ్యారో, ఎవరు జైలుకి వెళ్ళారో ఫొటోలతో సహా చూపిస్తారు. నాకు మొత్తం సీరీస్ కంటే ఆ రెండు మూడు నిమిషాలు ఎక్కువ నచ్చాయి. కల్పించండి, తప్పులేదు. ఆఖర్న లెక్క అప్పజెప్పండి. 'ఆర్ఆర్ఆర్' చివర పాటలో ఎందరో వీరుల బొమ్మలు చూపించారు కదా, అక్కడే ఒక అర నిమిషం గాము సోదరులకి ఇస్తే సినిమా నిడివి ఏం పెరిగిపోయేది?

ఇదంతా పాత గొడవ అనుకునేవాళ్ళకి రెండు తేదీలు. 1997లో సుప్రీంకోర్టు 'సమతా' కేసులో, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి గనుల లీజులు చెల్లవని తీర్పిచ్చింది. ఆ కేసు పుట్టింది మన అనంతగిరి మండలం నుంచే, బొర్రా గుహల దగ్గర్లో. 2015లో చింతపల్లి అడవుల్లో బాక్సైట్ తవ్వకాలకి ప్రభుత్వం జీవో 97 ఇస్తే ఏజెన్సీ అంతా రోడ్డెక్కింది, 2019లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. చింతపల్లి! రాజు మొదటి స్టేషను కొట్టిన చోటు. రాజు సినిమాకి ఈల వేసిన చేత్తోనే, బాక్సైట్ వద్దన్నవాళ్ళని 'అభివృద్ధి నిరోధకులు' అని ఫార్వర్డు చేసినవాళ్ళు నా వాట్సాప్ గ్రూపుల్లోనే ఉన్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. వాళ్ళకి చేరిన కథలో పోడు లేదు, కూలి లేదు, మల్లుదొర లేడు. గుర్రం మీద ఒక రాజు మాత్రమే ఉన్నాడు.

కాబట్టి నా సిఫార్సులు ఇవి. కృష్ణ గారి సినిమా ఇంట్లో పెద్దవాళ్ళతో కలిసి చూడండి, పాట దగ్గర మాట్లాడకండి. 'ఆర్ఆర్ఆర్' చిన్నపిల్లలతో చూడండి, కొమురం భీం ఎవరో సినిమా అయ్యాక చెప్పండి. 'చెర్నోబిల్' ఒక్కళ్ళే చూడండి, చివరి కార్డుల దాకా ఆగండి. ఆర్నాల్డ్ వ్యాసం కాస్త బరువు, ఓ ఆదివారం పెట్టుకుని చదవండి. ఈ డిసెంబరులో లంబసింగి వెళ్తే నర్సీపట్నంలో టీ తాగి, కాస్త దారి మళ్ళి కె.డి.పేట వెళ్ళి సమాధి చూసి రండి. పెట్రోలు దండగేం కాదు.

ఇక మల్లుదొర కథ ఎవరైనా సీరీస్‌గా తీస్తే ఐదు ఎపిసోడ్లు చాలు. మొదటి ఎపిసోడు బాస్టియన్ రోడ్డు పని దగ్గర మొదలవ్వాలి, ఆఖరిది 1952లో అయిపోవాలి. మల్లుదొరగా ఎవరు బావుంటారో మీరు చెప్పండి. నాకైతే కొత్త ముఖం కావాలి, వీలైతే ఆ కొండల నుంచే.